భిలాయిలో ఒక రోజు: కంటికి కొంత, నోటికి కొంత

పిల్లలూ! మీలో చాలామందికి మూడు నాలుగేళ్ళకోసారి ఊరు మారుతుంది. మాకూ అంతే. భిలాయి మాకు ఐదో ఊరు. ఇక్కడికి వచ్చిన కొత్తలో పక్కింటి పిల్ల ఒకతె మా అమ్మాయిని, "మీరు ఇంతకుముందున్న ఊళ్ళో ఏముంటాయి? ఏం తింటారు?" అని అడిగింది. మా అమ్మాయి కాసేపు ఆలోచించి, "మా క్వార్టరు ముందు వేపచెట్టు ఉండేది" అంది. అంతకుమించి చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదు.

తప్పు పిల్లది కాదు, మాది. మూడేళ్ళు ఆ ఊళ్ళో ఉన్నాం. సెలవులు వస్తే చాలు, సొంతూరికి రైలెక్కేవాళ్ళం. "ఎలాగూ వెళ్ళిపోయేవాళ్ళమే కదా" అనుకుంటూ ఉన్న ఊరిని చూడనే లేదు.

అందుకే భిలాయిలో ఒక నియమం పెట్టుకున్నాం. నెలకు ఒక ఆదివారం ఈ ఊరికి ఇవ్వాలి. ఆ రోజు ఒక చోటు చూడాలి, ఇక్కడివాళ్ళు తినేది ఒకటి తినాలి. దసరా సెలవులకు పార్వతీపురం నుంచి అమ్మమ్మ వచ్చినప్పుడు అవన్నీ కలిపి ఒకే రోజున చూపించాం. అమ్మమ్మకు మనసులో ఒక దిగులుంది. "ఊళ్ళు తిరిగి తిరిగి ఈ పిల్లకు తనదంటూ ఒక ఊరు లేకుండా పోతోంది" అని రైలు దిగగానే అంది. ఆ రోజు మా అమ్మాయే దారి చూపించింది.

ముందుగా ఊరి కథ

ఏ ఊరు చూడబోయినా, అది ఎందుకు వెలిసిందో ముందుగా తెలుసుకుంటే చూసేది బాగా అర్థమవుతుంది. భిలాయి ఉక్కు కోసం పెరిగిన ఊరు. ఇక్కడ ఉక్కు కర్మాగారం కట్టడానికి 1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఇనుప ఖనిజం దల్లీ రాజహరా గనుల నుంచి, సున్నపురాయి నందిని గనుల నుంచి వస్తుంది.

ఇక్కడ తయారయ్యే వాటిలో రైలు పట్టాలు ముఖ్యమైనవి. ముక్కలను అతికి 260 మీటర్ల పొడవుతో కూడా రైల్వేకు పంపుతారు. పట్టా ఎంత పొడవుంటే దారిలో అతుకులు అంత తగ్గుతాయి. అతుకులు తగ్గితే కుదుపూ చప్పుడూ తగ్గుతాయి. "నువ్వొచ్చిన రైలు మా ఊరి పట్టాల మీదే నడిచి ఉంటుంది అమ్మమ్మా" అంది మా అమ్మాయి. "మా ఊరి" అన్న మాట మేం విన్నాం.

కర్మాగారంలో పని కోసం దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. అందుకే ఇక్కడ బాలాజీ గుడి ఉంది, బజారులో తెలుగు వినబడుతుంది. అంతకుముందు ఇక్కడున్నవి వరి పండించే పల్లెలు. ఛత్తీస్‌గఢ్‌ను 'ధాన్ కా కటోరా' అంటారు, అంటే ధాన్యపు గిన్నె. ఈ నేల వంటలు చాలావరకు బియ్యంతోనే మొదలవుతాయి.

ఉదయం: సుపేలా సంత

ఊరి తిండి తెలియాలంటే హోటలు కన్నా ముందు సంతకు వెళ్ళాలి. సుపేలాలో ఆదివారం సంత జరుగుతుంది. పోహా, ఆలూ గుండా తిని బయల్దేరాం. ఆలూ గుండా అంటే మన ఆలూ బోండా లాంటిదే. సంతలో ఆకుకూరల దగ్గర అమ్మమ్మ ఆగిపోయింది. ఒక కట్ట తీసి ఆకు తుంచి నమిలి, "గోంగూర!" అంది. అమ్మే ఆవిడ "అమారీ భాజీ" అంది. పులుపు ఒకటే, పేర్లు రెండు. కాస్త ముందుకెళ్తే 'రఖియా బడీ' కనిపించింది. రఖియా అంటే బూడిద గుమ్మడికాయ. అంటే ఇవి మన గుమ్మడి వడియాలకు చుట్టాలే. అమ్మమ్మ పావుకిలో కొంది.

పగలు: మైత్రీ బాగ్

అక్కడి నుంచి మైత్రీ బాగ్‌కు వెళ్ళాం. భారత, సోవియట్ దేశాల స్నేహానికి గుర్తుగా 1972లో వెలిసిన జంతు ప్రదర్శనశాల ఇది. ఆ స్నేహమే ఈ పేరులోని మైత్రి. ఇక్కడి తెల్లపులులు ప్రసిద్ధి. తెల్లపులి వేరే జాతి కాదు. మామూలు పులిలోనే ఒక జన్యువులో వచ్చే మార్పు వల్ల దాని ఒంటికి నారింజ రంగు రాదు. ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా అందితేనే పిల్ల తెల్లగా పుడుతుంది. 1951లో రీవా అడవుల్లో దొరికిన మోహన్ అనే తెల్లపులి పిల్ల సంతతే తర్వాత ఎన్నో జంతుశాలలకు చేరింది.

మధ్యాహ్నం: పక్క క్వార్టరు

ఛత్తీస్‌గఢీ వంటలు బజారులో కన్నా ఇళ్ళలోనే ఎక్కువగా దొరుకుతాయి. అందుకని భోజనానికి పక్క క్వార్టరు ఆంటీ పిలిచినప్పుడు మొహమాటపడలేదు. చీలా పెట్టారు. బియ్యప్పిండిని జారుగా కలిపి పెనం మీద పోసే అట్టు అది. ఫరా పెట్టారు. అన్నం, బియ్యప్పిండి కలిపి వేళ్ళలా చుట్టి ఆవిరి మీద ఉడికించి, నువ్వులతో తాలింపు వేస్తారు. మన కుడుముల రుచే. చివర ఒక పళ్ళెంలో గోధుమరంగు బిళ్ళలు వచ్చాయి.

అమ్మమ్మ ఒకటి కొరికి, "ఇదేటి, మన అరిసే కదే!" అంది.

ఆంటీ నవ్వి, "అయిర్సా" అన్నారు.

అమ్మమ్మకు హిందీ రాదు, ఆంటీకి తెలుగు రాదు. బియ్యం నానబెట్టడం, తడిపిండి కొట్టడం, బెల్లం పాకం పట్టడం, ఇవన్నీ ఇద్దరూ చేతులతోనే చెప్పుకున్నారు. పాకం ముదిరితే గట్టిపడుతుందని ఒకరంటే, లేతగా ఉంటే నూనెలో విడిపోతుందని ఇంకొకరన్నారు. మధ్యలో కూర్చుని ఆ మాటలన్నీ ఇటూ అటూ చేరవేసింది మా అమ్మాయి.

ఇదే ఇంట్లో మే నెలలో మేం బోరే బాసీ తిన్నాం. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున్నే పెరుగు, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో తింటారు. మన చద్దన్నమే. రాత్రంతా నానేసరికి మంచి సూక్ష్మజీవులు పెరిగి అన్నం కొద్దిగా పులుస్తుంది. ఒంట్లోకి నీళ్ళూ చేరతాయి కాబట్టి ఎండలో పనిచేసేవాళ్ళకు హాయిగా ఉంటుంది. 2022 మే 1న, కార్మిక దినోత్సవం నాడు, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వమే అందరినీ బోరే బాసీ తినమని కోరింది.

సాయంత్రం: దేవ్‌బలోదా, సివిక్ సెంటర్

ఎండ తగ్గాక భిలాయి-3 దగ్గరున్న దేవ్‌బలోదా శివాలయానికి వెళ్ళాం. ఇది కలచురుల కాలం నాటి రాతి గుడి. ఓరుగల్లులో కాకతీయులు ఉన్న రోజుల్లో ఈ ప్రాంతంలో కలచురులు ఉండేవారు. గోడల నిండా శిల్పాలు, పక్కనే కోనేరు. శిఖరం మాత్రం పూర్తిగా లేదు. శిల్పి పని మధ్యలో వదిలి కోనేటిలోకి దూకాడని ఇక్కడివాళ్ళు కథ చెబుతారు. ఉక్కు ఊరి పక్కనే ఇంత పాత గుడి ఉందని మొదట మాకూ తెలియదు.

చీకటి పడ్డాక సివిక్ సెంటర్‌లో గుప్‌చుప్ తిన్నాం. పానీపూరీకి ఇక్కడ అదే పేరు. గప్పున నోట్లో వేసుకుంటే ఇక మాటలుండవు కదా!

రెండు వరుసల పట్టిక

మా అమ్మాయి నోటు పుస్తకంలో ఊరికో పేజీ ఉంది. ప్రతి పేజీలో రెండు వరుసలు: ఇక్కడి పేరు, మన పేరు. అమారీ భాజీ – గోంగూర. రఖియా బడీ – గుమ్మడి వడియాలు. బోరే బాసీ – చద్దన్నం. అయిర్సా – అరిసె. మీరూ ఇలాంటి పట్టిక మొదలుపెట్టండి. సంతలో ఒక పేరు, పక్కింట్లో ఒక పేరు అడిగినా చాలు, పేజీ నిండుతుంది.

వెళ్ళేటప్పుడు అమ్మమ్మ ఆ పుస్తకం చూసి, భిలాయి పేజీకి ముందున్న ఖాళీ పేజీ ఏమిటని అడిగింది. అది కిందటి ఊరిది. ఆ సాయంత్రం మా అమ్మాయి అక్కడి స్నేహితురాలికి ఫోన్ చేసి, మొదటి ప్రశ్న ఇదే అడిగింది: "మీ ఇంట్లో పండక్కి ఏం చేస్తారు?"