34 శాతం సోలార్ ప్యానెల్ వార్త చదివి పంపు సెట్టు వాయిదా వేసుకోవాలా?

సోలార్ పంపు సెట్టు గురించి మా ఆఫీసుకు వచ్చేవాళ్లలో చాలామంది ఈ మధ్య ఒకే మాట అడుగుతున్నారు. "సార్, 34 శాతం ప్యానెల్ కనిపెట్టారట. ఇప్పుడు దొరికేవి 21, 22 శాతమేనట. ఇంకో రెండేళ్లు ఆగితే మంచిదేమో?"

పోయిన వేసవిలో బత్తాయి తోట ఉన్న ఒక రైతు ఇంగ్లీషు పరిశోధనా పత్రం జిరాక్సు పట్టుకొచ్చాడు. ప్యానెళ్లు అమ్ముతానని తిరిగే ఒకాయన ఇచ్చాడట. "మావి ఈ కొత్త రకమే. 34 శాతం కాబట్టి 3,000 వాట్లతోనే 5 హెచ్.పి. మోటారు లాగుతుంది" అని చెప్పి అడ్వాన్సు అడిగాడట. రైతు బత్తాయి అమ్మిన డబ్బు సిద్ధం చేసుకుని, ఇచ్చేముందు ఒక మాట అడుగుదామని వచ్చాడు. పత్రం నిజమైనదే, అందులో అంకె కూడా నిజమే. అమ్మే ఆయన దానికి తగిలించిన మాటే అబద్ధం. అది ఎలాగో వివరంగా చెబుతాను. ఇలాంటి జిరాక్సు రేపు మీ దగ్గరికీ రావచ్చు.

శాతం వేరు, వాట్లు వేరు

బాగా కాసే ఎండ చదరపు మీటరు మీద సుమారు 1,000 వాట్ల శక్తిని పోస్తుంది. అందులో 210 వాట్లు కరెంటుగా మారితే ఆ ప్యానెల్ 21 శాతం సామర్థ్యం గలదని అంటారు. అంటే ఈ శాతం చెప్పేది ఒక్కటే: ఎంత జాగాలో ఎంత కరెంటు వస్తుందని. మోటారుకు కావలసింది వాట్లు. ఆ వాట్లు 21 శాతం ప్యానెల్ నుంచి వచ్చాయా, 34 శాతం ప్యానెల్ నుంచి వచ్చాయా అన్నది మోటారుకు తెలియదు.

ప్రభుత్వ పథకాల్లో 5 హెచ్.పి. పంపుకు 4,800 వాట్ల ప్యానెళ్లు, 3 హెచ్.పి.కి 3,000 వాట్లు పెడతారు. 4,800 వాట్లకు 21 శాతం రకమైతే దాదాపు 23 చదరపు మీటర్ల ప్యానెళ్లు కావాలి. అంటే అర సెంటు కంటే కొంచెం ఎక్కువ. 24.5 శాతం రకమైతే 20 చదరపు మీటర్లలోపే సరిపోతుంది. తేడా సెంటులో పదో వంతు కూడా లేదు. పట్నంలో చిన్న డాబా ఉన్నవాడికి ఆ కాస్త జాగా ముఖ్యం. చేను గట్టున పెట్టుకునే మనకు అదొక లెక్క కాదు. 3,000 వాట్లు మాత్రం ఏ రకమైనా 3,000 వాట్లే. వాటితో 5 హెచ్.పి. మోటారుకు పూర్తి నీళ్లు రావు.

ఆ 34 శాతం ఎక్కడిది?

పెరోవ్‌స్కైట్ అనే పదార్థంతో చేసే కొత్త రకం సెల్ ఇది. 2009లో జపాన్‌లో మియసాకా బృందం మొదటి పత్రం ప్రచురించినప్పుడు సామర్థ్యం 3.8 శాతమే. ఆ సెల్ ఎక్కువసేపు నిలవలేదు కూడా. 2012 నాటికి 10 శాతం చుట్టుపక్కలకు చేరింది. అప్పటి నుంచి ప్రపంచమంతా ఈ రకం మీద పడింది. ఏటా వేల పత్రాలు వస్తున్నాయి. మామూలు సిలికాన్ సెల్ మీద దీన్ని పొరగా వేసి చైనాకు చెందిన లాంగీ కంపెనీ 2023లో 33.9 శాతం, 2024లో 34.6 శాతం సాధించింది.

ఆ రికార్డు వచ్చిన సెల్ మన చేతి బొటనవేలి గోరంత ఉంటుంది. ప్రపంచ రికార్డుల పట్టిక 1993 నుంచి ఒక జర్నల్‌లో ఆరు నెలలకోసారి అచ్చవుతోంది. అందులో ముఖ్య పట్టికలోకి ఎక్కాలంటే సెల్ కనీసం 1 చదరపు సెంటీమీటరు ఉండాలి, సంబంధం లేని మరో ప్రయోగశాల కొలిచి ఉండాలి. చాలా పత్రాల్లో సెల్ అంత కూడా ఉండదు. నర్సరీ ట్రేలో ఒక్క నారు మొక్క ఏపుగా ఎదిగిందని ఎకరా దిగుబడి చెప్పలేం కదా, ఇదీ అంతే. పెద్దది చేసేకొద్దీ సామర్థ్యం తగ్గుతుంది. బ్రిటన్‌కు చెందిన ఆక్స్‌ఫర్డ్ పీవీ 2024 సెప్టెంబరులో ఈ రకం ప్యానెళ్లను మొదటిసారి వ్యాపారపరంగా అమెరికాకు పంపింది. వాటి సామర్థ్యం 24.5 శాతం.

ఇక మన్నిక. పెరోవ్‌స్కైట్‌కు తేమ, వేడి రెండూ పడవు. కోస్తాలో తేమ, మిగతా చోట్ల మే నెల ఎండ, మనకు రెండూ ఉన్నాయి. మామూలు ప్యానెల్‌ను 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1,000 గంటలు ఉంచి పరీక్షిస్తారు. 25 ఏళ్లకు కనీసం 80 శాతం కరెంటు ఇస్తుందని హామీ కూడా ఇస్తారు. కొత్త రకం పాతికేళ్లు పొలంలో నిలబడి చూపించాల్సి ఉంది. ఈ లోపం శాస్త్రవేత్తలు దాచిపెట్టింది కాదు. సోలార్ సెల్ పత్రాల్లో కొలతలన్నీ ఎలా తీశారో చెప్పి తీరాలని నేచర్ జర్నళ్లు 2015లో నియమం పెట్టాయి. మన్నికను ఎలా పరీక్షించి ఎలా రాయాలో 2020లో చాలామంది శాస్త్రవేత్తలు కలిసి ఒప్పందానికి వచ్చారు. పత్రంలో ఇవన్నీ ఉంటాయి. వార్తకు వచ్చేసరికి శాతం ఒక్కటే మిగులుతుంది.

పత్రం నుంచి పొలానికి ఎన్నేళ్లు?

నిన్నమొన్నటి వరకు ఎక్కువగా అమ్ముడైన పెర్క్ రకం ప్యానెల్ సంగతి చూడండి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం దాని మీద పత్రం వేసింది 1989లో. ఫ్యాక్టరీల్లో పెద్ద ఎత్తున తయారైంది 2010 దాటాకే. ఇప్పుడు వస్తున్న టాప్‌కాన్ రకాన్ని జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ 2013లో చూపించింది. మార్కెట్టు నిండడానికి దానికి పదేళ్లు పట్టింది. వేగం పెరిగిన మాట నిజమే. అయినా వార్త చదివి రెండేళ్లు ఆగితే ఆ ప్యానెల్ మన ఊరికి చవకగా వస్తుందని నేను చెప్పలేను. కరెంటు లైను రాని పొలాల్లో 5 హెచ్.పి. డీజిల్ ఇంజను గంటకు లీటరు దాకా తాగుతుంది. ఆగే రెండేళ్లూ మీరు పోసే డీజిల్ ఎంతో లెక్క వేసుకోండి. ఉచిత కరెంటు సర్వీసు ఉండి, నీళ్లకు ఇబ్బంది లేనివాళ్లకు తొందర లేదు, వారు ఆగినా నష్టపోరు.

మనకు పనికొచ్చే పత్రాలు వేరే ఉన్నాయి

రికార్డులంత పేరు రాకపోయినా దుమ్ము మీద, వేడి మీద జరిగే పరిశోధన మనకు నేరుగా ఉపయోగపడుతుంది. ఐఐటీ గాంధీనగర్‌లో ప్యానెళ్లను కొన్ని వారాలకోసారి కడుగుతూ, కరెంటు ఎంత పెరుగుతోందో చూశారు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంతో కలిసి 2017లో ఆ ఫలితాలు ప్రచురించారు. కడిగిన ప్రతిసారీ దాదాపు 50 శాతం పెరిగింది. 21 నుంచి 24.5 శాతానికి వెళ్లడానికి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కష్టపడుతుంటే, మనం ఒక గుడ్డ, బకెట్ నీళ్లతో అంతకన్నా ఎక్కువ పోగొట్టుకోకుండా ఆపవచ్చు.

పొద్దున్నే, అద్దం చల్లగా ఉన్నప్పుడు కడగాలి. మిట్టమధ్యాహ్నం కాలిన అద్దం మీద చల్లటి నీళ్లు పోయకూడదు. బోరు నీళ్లు ఉప్పువైతే తెల్లటి మరకలు కడతాయి, వెంటనే మెత్తటి గుడ్డతో తుడిచేయాలి. సర్ఫు, కొబ్బరి పీచు, ఇటుక పొడి వాడవద్దు. ఒక ఊళ్లో ఇటుక పొడితో తోమిన ప్యానెల్ చూశాను, అంట్ల గిన్నెలా గీతలు పడి ఉంది.

వేడి సంగతి. ప్యానెల్ మీద రాసే వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. మన ఎండాకాలంలో సెల్ వేడి 60 డిగ్రీలు సులభంగా దాటుతుంది. ఒక్కో డిగ్రీకి 0.35 శాతం తగ్గితే 35 డిగ్రీలకు 12 శాతం పోతుంది. 4,800 వాట్లలో మిగిలేది 4,200 చిల్లర. కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో ఈ తగ్గుదల అంకె ఉంటుంది. అది ఎంత తక్కువైతే అంత మంచిది. రెండు కంపెనీల మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేను ముందు చూసేది ఇదే. ప్యానెల్ వెనక గాలి ఆడేలా స్టాండు మీద పెట్టించండి, రేకుల పైకప్పుకు ఆనించి బిగించనివ్వకండి.

ఆ బత్తాయి రైతుతో అమ్మే ఆయనకు ఫోన్ చేయించాను. ప్యానెల్ వెనక లేబుల్ ఫొటో పంపమన్నాడు, పరీక్ష సర్టిఫికెట్టు నంబరు అడిగాడు, 25 ఏళ్ల వారంటీ ఎవరి పేరు మీద ఇస్తారని అడిగాడు. రేపు పంపుతానని చెప్పిన మనిషి మళ్లీ ఫోన్ ఎత్తలేదు. తర్వాత ఆ రైతు పథకంలో దరఖాస్తు పెట్టుకుని 5 హెచ్.పి. బిగించుకున్నాడు.

మీ పొలానికి ప్యానెళ్లు దిగిన రోజు ఒక్కోదాని వెనక లేబుల్ మీద వాట్ల అంకె చూసి, అన్నీ కూడండి. 5 హెచ్.పి.కి మొత్తం 4,800 వాట్లకు తగ్గితే డెలివరీ కాగితం మీద సంతకం పెట్టకుండా, లేబుళ్లు ఫొటో తీసుకుని మా ఆఫీసుకు రండి.