విద్యుత్తు పొదుపు - నాణెముల యంత్రము

విద్యుత్తును పొదుపుగ వాడు యంత్రము వచ్చినంతమాత్రమున దేశమునకు విద్యుత్తు మిగులునని తలంచుట పొరపాటు. ఆ యంత్రము చేయు పని యెట్టిదో ముందుగ విచారింపవలయును.

2009లో పుట్టిన బిట్‌కాయిన్ అను నాణెమునకు లోహము లేదు, ముద్ర లేదు. లెక్కల పందెమున గెలిచిన యంత్రమునకు క్రొత్త నాణెములు లభించును. తొలుత సామాన్యమైన కంప్యూటర్లే యీ పనికి చాలినవి. పిమ్మట గ్రాఫిక్సు కార్డులును, 2013 నుండి యీ పనికే ప్రత్యేకముగ నిర్మింపబడిన చిప్పులును వచ్చినవి. 2016లో వెలువడిన ఆంట్‌మైనర్ ఎస్9 లక్ష కోట్ల లెక్కలకు సుమారు 98 జౌళ్ల శక్తిని వ్యయపరచుచుండగా, 2023 నాటి ఎస్21కి 17.5 జౌళ్లు చాలును. చిప్పులోని భాగములను సూక్ష్మతరము గావించుటయు, వోల్టేజిని దించుటయు దీనికి ముఖ్యకారణములు. వేగము మారకయే వోల్టేజి సగమైనచో శక్తివ్యయము నాలుగవవంతునకు దిగును.

ఇది శ్లాఘనీయమే. కాని ఫలితమేమి? లోకమునందలి యంత్రముల బలము పెరిగినకొలది, సుమారు రెండు వారములకొకమారు లెక్కల కాఠిన్యము తనంతట హెచ్చును. నాణెముల రాక మాత్రము పెరుగదు. కావున ఒక యంత్రము మిగిల్చినదానిని మఱియొక యంత్రము మ్రింగును. బొగ్గును పొదుపుగ కాల్చు యంత్రములవలననే బొగ్గు వ్యయము పెరుగుచున్నదని జెవాన్సు పండితుడు 1865లోనే చూపెను. ఈథీరియము వారు 2022 సెప్టెంబరులో పందెపు పద్ధతినే విడనాడి, తమ విద్యుద్వ్యయమున నూటికి 99 పాళ్లకు పైగా తగ్గించిరి. యంత్రమును మార్చుటకంటె పద్ధతిని మార్చుటయే యెక్కువ ఫలించినది.

తుని ప్రాంతపు మెట్ట రైతునకు దీనితో పనియేమి యందురా? ఒక ఎస్21 యంత్రము 3,500 వాట్లు తీసికొనును. ఇది యించుమించు 5 అశ్వశక్తుల బోరు మోటారు పాటిది. మోటారు దినమునకు తొమ్మిది గంటలు తిరుగును; యంత్రము రాత్రింబవళ్లు తిరిగి 84 యూనిట్లు కాల్చును. సేద్యమునకై ప్రభుత్వ మిచ్చు ఉచిత విద్యుత్తును దీనికి మరలించుట నేరము మాత్రమే కాదు, పొరుగువాని పైరునకు ద్రోహము. మలేషియాలోని మిరి పట్టణమున దొంగ విద్యుత్తుతో నడచిన 1,069 యంత్రములను 2021లో పోలీసులు రోడ్డురోలరుతో నలుగగొట్టించిరి. న్యాయముగ నడపువారికిని లాభము సులభము కాదు. 2022 ఏప్రిలు నుండి యిట్టి ఆదాయముపై నూటికి 30 వంతున పన్ను గలదు. నాణెములు తీయుటకైన ఖర్చును కొన్న వెలగా మినహాయింపబోమని ప్రభుత్వము పార్లమెంటున స్పష్టపరచినది.

మన యువకుల ప్రజ్ఞ వ్యర్థము కానక్కరలేదు. తక్కువ శక్తితో పనిచేయు చిప్పులను గూర్చిన విద్య వైద్యమునకు, పరిశ్రమలకు, వ్యవసాయమునకు అక్కరకు వచ్చునదే. రాజానగరము మండలమున పాత పంపులను తీసి పొదుపు పంపులను అమర్చిన ప్రయత్నము మనకు దగ్గరి నిదర్శనము. అచ్చట ఆదా నిలుచుటకు కారణము స్పష్టము: పైరు దప్పికకు మేర గలదు, పందెమునకు మేర లేదు. మేర గల పనికి పొదుపు యంత్రమును సమకూర్చుటయే దేశమునకు శ్రేయస్కరము.