ఇంటి కాఫీకి ఏ ఫిల్టరు?

కాఫీ కాచుట అని మనము వాడుకగా అంటాము గాని, మంచి కాఫీని కాచరు, దింపుతారు. వేడినీరు పొడి మీద పోసి, అది తనంతట తాను చుక్క చుక్కగా క్రిందికి దిగేదాకా కదిలించక ఊరుకోవడమే ఆ పనిలోని నేర్పు. ఇట్లా దింపుకొనడానికి నేడు ఇండ్లలో మూడు తరగతుల పరికరములు కనిపిస్తున్నవి. ఒకటి తాతలనాటి నుండి మన వంటిండ్లలో ఉన్న రెండంతస్తుల ఇత్తడి లేక స్టీలు ఫిల్టరు. రెండవది కాగితము మడిచి అమర్చిన గరాటు. మూడవది మీట నొక్కితే నీరు తానే కాగి, తానే పొడి మీద పడే విద్యుద్యంత్రము. అమెరికాలో స్థిరపడిన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు తల్లిదండ్రులకు ఈ మూడవదానిని కానుకగా తెచ్చి ఇవ్వడము కద్దు. పాత ఫిల్టరును ఇక అటక ఎక్కించవచ్చునా అనే సందేహము అప్పుడు కలుగుతుంది. ఇది రుచికి సంబంధించిన సందేహము మాత్రమే కాదు. రక్తములో కొలెస్టరాలు హెచ్చుగా ఉన్నదని వైద్యుడు చెప్పిన మనిషి ఇంట ఒకరు ఉన్నప్పుడు, కాఫీ దేని గుండా దిగుతున్నదనే సంగతి ఆరోగ్యమునకు సంబంధించిన విషయము కూడా అవుతుంది.

మూడింటికీ మూలము ఒక్కటే. పూర్వము యూరోపులో సాధారణముగా పొడిని నీటిలో వేసి మరగించేవారు. 1800 ప్రాంతమున పారిస్ నగరములో ఒక క్రొత్త పాత్ర వాడుకలోనికి వచ్చినది. ఒకదాని మీద ఒకటిగా రెండు గిన్నెలు, నడుమ చిల్లుల పళ్ళెము. ఆ నగరపు ఆర్చిబిషప్పు అయిన ద బెల్వా పేరు దానికి నిలిచిపోయినది. మన ఫిల్టరును తెచ్చి దాని ప్రక్కన పెడితే ఇవి రెండూ జ్ఞాతులని చిన్నపిల్లలైనా గుర్తుపట్టగలరు. 1908లో జర్మనీలోని డ్రెస్డెన్ పట్టణమున మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి, కప్పు అడుగున మిగిలే మడ్డిని సహించలేక, ఒక ఇత్తడి గిన్నెకు చిల్లులు పొడిచి, కుమారుని పుస్తకములోని అద్దుడు కాగితమును అందులో పరచి కాఫీని వడకట్టినది. కాగితపు ఫిల్టరుకు అదే పుట్టుక. అదే దేశములో 1954లో గాట్లోబ్ విడ్మన్ విద్యుత్తుతో పనిచేసే 'విగోమాట్' యంత్రమునకు పేటెంటు పొందినాడు. 1972లో అమెరికాలో 'మిస్టర్ కాఫీ' అనే యంత్రము అమ్మకమునకు వచ్చిన తరువాత, ఇటువంటివి అక్కడి ఇంటింటి సామాను అయిపోయినవి.

వేయించిన కాఫీపొడిలో నీటిలో కరిగేది నూటికి ముప్పది పాళ్ళకు మించదు. ఆ కరిగేదంతా కప్పులోకి రావాలని కోరుకోరాదు. మొదట దిగేవి పులుపు, సువాసన. ఆ వెనుక తీపి. ఆఖరున వచ్చేవి చేదు, వగరు. 1950 తరువాతి సంవత్సరములలో అమెరికాలో లాకర్ట్ అనే శాస్త్రజ్ఞుడు ఈ విషయమును కొలతలతో పరిశీలించినాడు. పొడి బరువులో 18 మొదలు 22 శాతము వరకు కరిగి దిగిన కాఫీయే నోటికి ఇంపుగా ఉంటుందని ఆ కృషి వలన స్థిరపడినది. అంతకు తక్కువైతే పుల్లగా, పలుచగా ఉంటుంది; ఎక్కువైతే చేదు. ఈ హద్దులో నిలిపేవి మూడే: నీటి వేడి, పొడి నలుగు, నీరు పొడితో గడిపే కాలము. ఏ పరికరమును ఎంచవలసినా, అది ఈ మూడింటిని మన చేతిలో ఎంతవరకు ఉంచుతుందో చూడవలెను. నీరు 90 నుండి 96 సెంటిగ్రేడు డిగ్రీల నడుమ ఉండాలంటారు. ఉష్ణమాపకము అక్కరలేదు. తెర్లిన నీటిని పొయ్యి మీద నుండి దింపి అర నిమిషము ఆగితే చాలును.

ఇక మన ఫిల్టరు సంగతి. పైగిన్నె, క్రిందిగిన్నె, కాడ ఉన్న చిల్లుల బిళ్ళ, మూత. ఇందులో చెడిపోయే భాగము ఒక్కటీ లేదు. పొడి వేసి, బిళ్ళతో సమముగా అదిమి, నీరు పోసి, మూత పెట్టితే పావుగంట మొదలు అరగంటలో డికాషను దిగుతుంది. అదమడములోనే అనుభవము కావలెను. గట్టిగా నొక్కితే నీరు పైనే నిలిచిపోతుంది. నొక్కకపోతే గబగబ దిగి, రంగు తప్ప మరేమీ తీసుకురాదు. గిన్నె చిన్నది గనుక లోపలి నీరు త్వరగా చల్లారుతుంది. అయినా అరగంటసేపు పొడితో కలిసి ఉండడము వలన ఆ లోటు కొంత తీరుతుంది. నీరు పోసిన వెంటనే మూత పెట్టమని పెద్దలు చెప్పడము ఇందుకే. కొన్ని ఫిల్టర్లలో గిన్నెలు రెండూ మరీ బిగువుగా అమరి, క్రింది గాలి బయటికి పోయే దారి లేక డికాషను దిగడము ఆగిపోతుంది. అప్పుడు పైగిన్నెను గోరంత ఎత్తి మళ్ళీ దించితే చాలు. ఆ మాత్రమునకు ఫిల్టరును గోడకు కొట్టనక్కరలేదు!

ఇత్తడియా, స్టీలా? ఇత్తడి దళసరిగా ఉండి వేడిని నిలుపుతుందనే మాట నిజమే. ఇత్తడి డికాషను రుచియే వేరని పట్టుబట్టే పెద్దలున్నారు. వారితో మేము వాదమునకు దిగము. అయితే కాఫీ కొంచెము ఆమ్లగుణము గల పానీయము. లోపలి కళాయి చెదిరిన ఇత్తడిలో అది గంటలకొద్దీ నిలవ ఉండడము మంచిది కాదు. కళాయి వేసేవాడు వీధిలోకి వచ్చే రోజులు పోయినవి గనుక, క్రొత్తగా కొనేవారికి స్టీలునే సిఫారసు చేస్తాము.

మన డికాషను కారునలుపుగా, చిక్కగా ఉంటుంది గనుక పాశ్చాత్యుల కాఫీకంటె ఎంతో తీవ్రమైనదని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూతము. నలుగురికి 25 గ్రాముల పొడి వేసి 150 మిల్లీలీటర్ల నీరు పోసినాము. గ్రాము పొడి ఇంచుమించు రెండు మిల్లీలీటర్ల నీటిని పట్టి ఉంచుకుంటుంది. అందులో 50 పోగా 100 మిల్లీలీటర్ల డికాషను చేతికి వస్తుంది. మనిషికి 25 మిల్లీలీటర్లు. దానిపై నాలుగింతల పాలు. అంటే ఒక్కొక్కరి వంతుకు వచ్చిన పొడి ఆరు గ్రాములు. అందులో చికోరీ ఉంటే అసలు కాఫీ నాలుగైదు గ్రాములే. యంత్రములో లీటరు నీటికి 55 గ్రాముల పొడి వేయడము పద్ధతి. 150 మిల్లీలీటర్ల కప్పు ఒక్కటికి ఎనిమిది గ్రాములు పడినది! డికాషను చుక్కకు చుక్క యంత్రపు కాఫీకంటె సుమారు మూడింతలు చిక్కన. కప్పుకు కప్పు పోల్చితే వెనుకబడినదే. నిద్రపట్టని వారు ఫిల్టరును నిందించే ముందు, తాము రోజుకు ఎన్ని గ్లాసులు త్రాగుతున్నారో, పొడిలో రొబస్టా పాలు ఎంతో విచారించుకొనుట మేలు. రొబస్టా గింజలో కెఫీన్ అరబికాలో ఉన్నదానికి ఇంచుమించు రెట్టింపు.

చికోరీని గురించి ఒక మాట. ఇది వేయించి పొడిచేసిన ఒక మొక్క వేరు. దీనిలో కెఫీన్ లేదు. కాఫీకంటె చాలా ఎక్కువ భాగము నీటిలో కరుగుతుంది గనుక రంగు, చిక్కదనము వెంటనే కనిపిస్తవి. చౌక అని దీనిని చిన్నచూపు చూడవలసిన పని లేదు; పాలతో కలిసినప్పుడు దాని ఇంపు దానికున్నది. కాని కాఫీ ధర ఇచ్చి చికోరీ కొనుక్కొనుట వేరు సంగతి. మన దేశపు ఆహారనిబంధనల ప్రకారము కాఫీ-చికోరీ మిశ్రమములో కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గరాదు. ఎంత ఉన్నదో పొట్లము మీద వ్రాయవలెను. ఆ అక్షరములు ఎంత చిన్నవైనా కొనే ముందు చదవవలెను.

ఇప్పుడు కాగితపు గరాటు. చూడడానికి ఇది అన్నింటికంటె అల్పమైన వస్తువు. గరాటులో కాగితము ఉంచి, వేడినీటితో ఒకమారు తడిపి, పొడి వేసి, నీటిని కొద్దికొద్దిగా పోయవలెను. మూడు నాలుగు నిమిషములలో పని ముగుస్తుంది. మడ్డి ఒక్క రేణువు కూడా దిగదు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. కాఫీగింజలోని నూనెలో కెఫెస్టాల్ అనే పదార్థము ఉంటుంది. అది రక్తములోని కొలెస్టరాలును పెంచుతుందని 1990 తరువాతి సంవత్సరములలో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు నిరూపించినారు. లోహపు చిల్లుల గుండా ఆ నూనె దిగిపోగలదు; కాగితము దానిని పట్టి ఉంచుతుంది. నార్వేలో 5 లక్షలకు పైగా స్త్రీ పురుషులను సుమారు 20 సంవత్సరములపాటు గమనించి 2020లో ప్రకటించిన ఫలితములలో, కాగితముతో వడకట్టిన కాఫీ త్రాగేవారి ఆయుర్దాయము, వడకట్టని కాఫీ త్రాగేవారికంటె మెరుగుగా కనిపించినది. ఇటువంటి పరిశీలనలు పోలికను చూపుతవి గాని, కారణమును పూర్తిగా రుజువు చేయలేవు. అయినా కొలెస్టరాలు హెచ్చుగా ఉన్నవారు దీనిని తోసిపుచ్చరాదు. పొడిని నేరుగా నీటిలో మరగించి త్రాగే అలవాటు వారికి బొత్తిగా పనికిరాదు.

అట్లని వారు ఇంటి ఫిల్టరును విడిచిపెట్టవలసినదేనా? అక్కరలేదు. దిగిన డికాషనును కాగితపు గరాటులో మరొకమారు వడకడితే ఆ నూనెలో అధికభాగము కాగితమునకే అంటుకుంటుంది. రుచి కొంత పలుచనైన మాట నిజము. నాలుక మీద నిలిచే జిడ్డుదనము ఆ నూనెదే మరి. డికాషనును ఇంత శ్రద్ధగా వడకట్టి, దానిలో మీగడ కట్టే పాలు పోసుకుంటే ప్రయోజనము ఏమిటో మాత్రము చెప్పలేము.

పాలు లేకుండా త్రాగేవారికి కాగితపు గరాటును మించినది లేదని మా అభిప్రాయము. చికోరీ కలపని, మరీ నల్లగా వేయించని అరబికా పొడి దీనికి తగినది. ఇందుకు దూరము పోనక్కరలేదు. మన అరకు లోయలో గిరిజన రైతులు వెండిచెట్ల, మిరియపు తీగల నీడన పండించే అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కాఫీలోని సున్నితమైన పులుపు, పండ్ల వాసన తెలియవలెనంటే పాలు పోయక ఒకమారు ఇట్లా దింపి చూడవలెను. పాలు, చక్కెర పోసిన తరువాత ఏ లోయ కాఫీ అయినా ఒక్కటే.

విద్యుద్యంత్రము పనిచేసే తీరు తమాషాగా ఉంటుంది. నీటిని పైకి ఎక్కించడానికి సాధారణముగా అందులో పంపు ఉండదు. అడుగున వేడెక్కే గొట్టములో నీరు మరిగి బుడగలు లేస్తవి. వెనుకకు పోకుండా ఒక కవాటము అడ్డుపడగా, ఆ బుడగలే నీటిని సన్నని గొట్టము గుండా పైకి తోస్తవి. అక్కడి నుండి పొడి మీద చిలకరింపుగా పడి, కాగితములో వడిసి, గాజుకూజాలో చేరుతుంది. ఎనిమిదిమందికి ఒకేసారి, ఒకే రుచితో అందించడములో దీనికి సాటి లేదు. లోపములు కూడా ఉన్నవి. చౌక యంత్రములలో నీరు కావలసినంత వేడెక్కదు. పొడి నడుమ మాత్రమే తడిసి అంచులు పొడిగా మిగులుతవి. కూజా క్రింది వేడిపలక కాఫీని అరగంటలో చేదు చేస్తుంది. ఆ పలకకు బదులు థర్మాసు కూజా ఉన్న యంత్రము మేలు. 'పన్నెండు కప్పులు' అని పెట్టె మీద వ్రాసి ఉన్నా, ఆ కప్పు 125 మొదలు 150 మిల్లీలీటర్లది మాత్రమే. మన బోరు నీటిలోని సుద్ద గొట్టములో పేరుకొని కొన్ని నెలలలోనే నీరు ఎక్కడము మందగిస్తుంది. అప్పుడప్పుడు నిమ్మఉప్పు కలిపిన నీటిని నడిపి, తరువాత రెండుమార్లు మంచినీటితో కడగవలెను.

మన వాడుకకు అసలు చిక్కు చికోరీతో వస్తుంది. అది నీటిని పీల్చి ఉబ్బి కాగితమును మూసివేయగా, నీరు బుట్ట అంచులు దాటి పొర్లవచ్చును. విదేశములలోని తెలుగు ఇండ్లలో పొడిని రెట్టించి, నీటిని సగము చేసి యంత్రముతోనే డికాషను దింపుకునేవారున్నారు. దానిలో పాలు పోయవచ్చును గాని, మన చిక్కదనము రాదు. అక్కడి యంత్రమును ఇక్కడికి తెచ్చేవారికి మరొక హెచ్చరిక. అమెరికాలో ఇంటి విద్యుత్తు 120 వోల్టులు, ఇక్కడ 230. నేరుగా తగిలిస్తే యంత్రము కాలిపోవుటే కాక, అగ్నిప్రమాదము కూడా జరుగవచ్చును. తగిన ట్రాన్స్‌ఫార్మరు కొందామంటే అది యంత్రముకంటె బరువు తూగుతుంది.

పాలతో త్రాగే ఇంటికి, కరెంటు పోయినా కాఫీ ఆగరాదనుకునే ఇంటికి, స్టీలు ఫిల్టరే చాలును. అయితే ఒక్క పెద్ద ఫిల్టరు కొని ఇద్దరికీ పదిమందికీ దానినే వాడడము పొరపాటు. పెద్ద గిన్నెలో రెండు చెంచాల పొడి పలుచని పొరగా పరచుకొని, నీరు నిలవక జారిపోతుంది. ఇంటివారికి చిన్నది ఒకటి, చుట్టాలు వచ్చిన రోజుకు పెద్దది ఒకటి ఉంచుకొనవలెను. దిగిన డికాషను చల్లారితే పొయ్యి మీద మరగించరాదు. కాగుతున్న పాలనే దానిపై పోయవలెను. రెండవమారు నీరు పోసి దింపినది మొదటిదానిలో కలపరాదు. ఆలస్యముగా వచ్చిన బంధువుకు అదే ఇచ్చే ఇండ్లు లేకపోలేదు. వచ్చినవారు కూడా దానిని గుర్తిస్తూనే ఉంటారు.

పైగిన్నె చిల్లులు కొన్నాళ్ళకు నూనెతో, సన్నపు పొడితో పూడుకొనిపోతవి. సూదితో పొడిస్తే చిల్లు పెద్దదై ఫిల్టరు పాడవుతుంది. స్టీలు గిన్నె అయితే అడుగు భాగమును పటకారుతో పట్టి రెండు మూడు నిమిషములు మంట మీద చూపవలెను. లోపలి మడ్డి మాడి బూడిద అవుతుంది. చల్లారిన తరువాత తట్టి, కడిగి, వెలుగుకు ఎదురుగా ఎత్తి చూస్తే ప్రతి చిల్లూ కనిపించవలెను.