దస్తరము ఒకచోట, నకలు వేరొకచోట

ప్రతి ఉన్నత పాఠశాలలోను అడ్మిషను రిజిస్టరు ఒకటి ఉండును. విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ మొదట వ్రాయబడునది అందులోనే. తరువాత అవే వివరములు హాజరు పట్టీలోను, మార్కుల రిజిస్టరులోను, పదవ తరగతి పరీక్షకై పంపు జాబితాలోను ఎక్కును. వీనిలో ఎక్కడనైనను తేదీ తేడాగా పడినచో ఏది సరియైనది? ఉపాధ్యాయులెవ్వరును తడుముకొనరు, అడ్మిషను రిజిస్టరు తీసి చూతురు. అందున్నదే ప్రమాణము, తక్కినవన్నియు నకళ్లు. ఈ చిన్న ఏర్పాటు లేనిచో ఒకే విద్యార్థికి మూడు పుట్టిన తేదీలు ఏర్పడి, టి.సి. వ్రాయునాటికి తగవు తప్పదు.

పెరుగుచున్న కంపెనీ తన ఆఫీసులోని కంప్యూటర్లను ఒక క్రమమునకు తెచ్చుకొనుట అనగా ఇటువంటి పనియే. ఒక్కొక్క విషయమునకు ఒక ‘అడ్మిషను రిజిస్టరు’ను నిర్ణయించుట మొదటి సగము, దానిని పోకుండ కాపాడుకొనుట రెండవ సగము. ఈ రెండవ సగములో జరిగిన ఒక పొరపాటు వలన ప్రపంచములోని మిక్కిలి పెద్ద ఓడల కంపెనీలలో ఒకటి 2017లో దాదాపు స్తంభించిపోయెను. రెండు సగముల వెనుకను ఉన్న లెక్క హైస్కూలు విద్యార్థికి అందునట్టిదే.

నలుగురి నుండి నలభైమందికి

ఒక కంపెనీ నలుగురితో ప్రారంభమైనదనుకొందము. నాలుగు బల్లలు, నాలుగు కంప్యూటర్లు. ఖాతాదారుల చిరునామాల పట్టిక ప్రతి కంప్యూటరులోను ఒకటి ఉండును. ఒక ఖాతాదారుడు ఇల్లు మారినచో, సంగతి తెలిసినవారు గదిలో ఒక కేక వేసిన చాలును; తక్కిన ముగ్గురును తమ పట్టికలను దిద్దుకొందురు. ఏ ఇద్దరి పట్టికలైనను ఒకదానితో ఒకటి సరిపోవలెను. అట్టి జతలు ఎన్ని? మనుష్యుల సంఖ్యను అంతకు ఒకటి తక్కువైన సంఖ్యతో హెచ్చించి, రెండుతో భాగించిన జతల సంఖ్య వచ్చును. 4×3÷2, అనగా 6.

కంపెనీ వృద్ధిచెంది నలభైమంది ఉద్యోగులు అయినారు. ఇప్పుడు జతలు 40×39÷2, అనగా 780. మనుష్యులు పదిరెట్లు పెరుగగా, తేడా పడుటకు అవకాశమున్న చోట్లు 130 రెట్లు పెరిగినవి. కేకలు వేసి ఇన్ని పట్టికలను దిద్దించుట ఎవరితరమును కాదు. బిల్లు పాత చిరునామాకు పోవును. సరకు ఒకే ఖాతాదారునికి రెండుమారులు వెళ్లును. ఉద్యోగము మానివెళ్లిన వ్యక్తి పాస్‌వర్డు రెండు మూడు కంప్యూటర్లలో ఇంకను చెల్లుచుండును. ఒక బల్లమీది కంప్యూటరు చెడిపోయినచో దానితోపాటు రెండేండ్ల లెక్కలు పోవును.

పట్టికను ఒకే కేంద్ర కంప్యూటరులో ఉంచి అందరును దానినే చూచుచు, దానినే దిద్దునట్లు చేసినచో సంబంధములు 780 కావు. ఒక్కొక్కరికి ఒకటి చొప్పున 40 మాత్రమే. ఇట్లు అందరికిని సేవచేయు కంప్యూటరునకు సర్వరు అని పేరు. ఉద్యోగులు నాలుగువందలైనప్పుడు సంబంధములు 400 అగును. జతల పద్ధతిలో అవి 79,800. చిన్న కంపెనీకి అక్కరలేనట్లు కనబడిన కేంద్రము పెరిగిన కంపెనీకి తప్పనిసరి యగుటకు కారణము ఈ లెక్కయే.

టీ దుకాణముల లియో

ఒకమారు వ్రాసిన వివరమును అన్ని పనులకును వాడుకొనవలెనను ఆలోచన, వ్యాపారములో కంప్యూటరు కాలుపెట్టిన నాటి నుండియు ఉన్నదే. ఇంగ్లండులో జె. లయన్స్ అను కంపెనీకి అనేక టీ దుకాణములును, వానికి రొట్టెలు, కేకులు పంపు బేకరీలును ఉండెడివి. విక్రయములు చిల్లరవి, లెక్కలు మాత్రము అసంఖ్యాకములు. 1947లో ఆ కంపెనీ అధికారులు థాంప్సన్, స్టాండింగ్‌ఫర్డ్ అనువారు అమెరికాకు వెళ్లి, క్రొత్తగా వచ్చుచున్న కంప్యూటర్లను గూర్చి తెలిసికొని వచ్చిరి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో తయారగుచున్న ఎడ్సాక్ అను యంత్రమునకు లయన్స్ వారు ధనసహాయము చేసి, దాని నమూనాపై తమ కొరకు ‘లియో’ అను కంప్యూటరును నిర్మించుకొనిరి. సుమారు 6,000 వాల్వులు గల ఆ యంత్రము 1951 నవంబరులో బేకరీ సరకుల విలువ కట్టు పనిని చేపట్టెను. వ్యాపారమునకు నిత్యము పనిచేసిన మొదటి కంప్యూటరుగా దీనిని పేర్కొందురు. ఒక ఉద్యోగి జీతము లెక్కకట్టుటకు అనుభవముగల గుమాస్తాకు 8 నిమిషములు పట్టగా, లియోకు ఒకటిన్నర సెకను చాలెను.

వేగముకంటె గమనింపదగిన విషయము మరియొకటి కలదు. ప్రతి టీ దుకాణమునకును మామూలుగా కావలసిన సరకుల జాబితా కేంద్రమున ముందే ఉండెడిది. దుకాణము నడపు స్త్రీ నాటి మార్పులను మాత్రము టెలిఫోనులో చెప్పెడిది. అవి వెంటనే కార్డులపై రంధ్రములుగా పొడువబడి యంత్రమున కెక్కెడివి. బేకరీలో ఎంత తయారుచేయవలెను, లారీలో ఏ సరకు ఎక్కించవలెను, దుకాణము పేర ఎంత పద్దు వ్రాయవలెను అను ప్రశ్నలన్నిటికిని ఆ ఒక్క నమోదే జవాబిచ్చెడిది. అదే అంకెను నలుగురు గుమాస్తాలు నాలుగు పుస్తకములలో ఎక్కింపనక్కరలేకపోయెను.

1981లో ఐ.బి.యం. వారి పర్సనల్ కంప్యూటరు వెలువడిన తరువాత కథ అడ్డము తిరిగెను. కంప్యూటరు చవుక యై ప్రతి బల్లమీదికిని వచ్చెను. దానితో లెక్కలును బల్లబల్లకు చెదరిపోయెను. ఈ కంప్యూటర్లను తీగెలతో కలుపు ఈథర్‌నెట్ పద్ధతి అప్పటికే, 1973లో, జిరాక్స్ కంపెనీ పరిశోధనాలయమున రూపొందియుండెను. ఇట్టి తీగెల వల ద్వారా, చెదరిన దస్తరమును మరల ఒకచోటికి చేర్చుటకు వీలు కలిగెను.

ద్వారపాలకుడు

దస్తరము ఒకచోటికి చేరిన వెంటనే ఒక ప్రశ్న పుట్టును. వచ్చి అడుగువాడు ఎవడు? జీతముల పట్టిక అందరును చూడదగినది కాదు. కావున ఉద్యోగుల పేర్లకును ఒక కేంద్ర పట్టిక అవసరము. దీనిని డైరెక్టరీ అందురు. ఎవరు ఏ దస్తరమును చూడవచ్చును, ఎవరు దిద్దవచ్చును అను విషయము అందు వ్రాయబడియుండును.

అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయము 1983లో ఎథీనా అను ప్రణాళికను ప్రారంభించి, విద్యాలయమంతటను కంప్యూటర్లను నెలకొల్పెను. ఏ విద్యార్థి ఏ కంప్యూటరు ముందు కూర్చున్నను అతనిని గుర్తించుట ఎట్లు? దానికై అక్కడివారు కనుగొనిన పద్ధతి కెర్బెరస్. గ్రీకు పురాణములలో పాతాళద్వారమును కాచు మూడుతలల కుక్క పేరు అది.

దీని పనితీరు ఎగ్జిబిషనులోని టిక్కెట్టు వంటిది. ఉద్యోగి ఉదయమున తన పాస్‌వర్డును టైపుచేయును. కంప్యూటరు ఆ పాస్‌వర్డు నుండి ఒక గణితవిధానము చేత రహస్యసంఖ్యను తయారుచేసి, దానితో అప్పటి గడియారపు సమయమును గూఢలిపిగా మార్చి కేంద్రమునకు పంపును. అదే రహస్యసంఖ్య కేంద్రమువద్ద ముందే ఉన్నది. దానితో విప్పగా సరియైన సమయము కనబడినచో, అడుగువాడు నిజమైన ఉద్యోగియే. అప్పుడు కేంద్రము అతనికి ఒక టిక్కెట్టు ఇచ్చును. ఆ టిక్కెట్టు ఆధారముతో అతడు లెక్కల సర్వరునకును, ఉత్తరముల సర్వరునకును, అచ్చుయంత్రమునకును వేరువేరు ప్రవేశ టిక్కెట్లు పొందును; మరల పాస్‌వర్డు చెప్పనక్కరలేదు. పాస్‌వర్డు తీగెమీద ప్రయాణము చేయనే చేయదు. ప్రధాన టిక్కెట్టు సాధారణముగా పది గంటలు చెల్లును. సమయమే సాక్ష్యమగుటచేత, మామూలు ఏర్పాటులో గడియారములు ఐదు నిమిషములకు మించి తేడాగా నడిచినచో ప్రవేశము దొరకదు!

2000లో మైక్రోసాఫ్ట్ వారు విడుదల చేసిన యాక్టివ్ డైరెక్టరీ ఈ పద్ధతినే స్వీకరించెను. అనేక ఆఫీసులలో నేడు ద్వారపాలకుడు ఇదియే. క్రొత్త ఉద్యోగి వచ్చినప్పుడు ఒకచోట పేరు వ్రాసిన చాలును. అతడు మానివెళ్లినప్పుడు ఒకచోట కొట్టివేసినచో, చేతనున్న టిక్కెట్ల గడువు తీరగానే తలుపులన్నియు మూతపడును.

కేంద్రము ఆగిపోయినచో?

నలభైమందికి నలభై కంప్యూటర్లు వేరువేరుగా ఉన్నప్పుడు ఒకటి చెడిన ఒకరి పని ఆగును. కేంద్రము చెడినచో నలభైమందియు చేతులు ముడుచుకొని కూర్చుందురు. ఏకకేంద్ర పద్ధతికి చెల్లించు మూల్యము ఇది.

ఇచ్చట సంభావ్యతా గణితము సహాయమునకు వచ్చును. ఒక సర్వరు నూటికి ఒక గంట పనిచేయదనుకొందము. సంవత్సరమునకు 8,760 గంటలు కనుక అది సుమారు 88 గంటలు ఆగియుండును. అదే నకలును రెండవ సర్వరులో ఉంచినచో, రెండును ఒకేమారు ఆగియుండు సంభావ్యత నూటిలో ఒక వంతును నూటిలో ఒక వంతుతో హెచ్చించిన లబ్ధము, అనగా పదివేలలో ఒక వంతు. సంవత్సరమునకు 53 నిమిషములు మాత్రమే. మూడు సర్వర్లు ఉన్నచో అర నిమిషమునకు కొంచెము మించును.

లెక్క అందముగానే ఉన్నది. కాని ఇందులో ఒక షరతు దాగియున్నది. రెండు సంఘటనలు స్వతంత్రములైనప్పుడే వాని సంభావ్యతలను ఇట్లు హెచ్చింపవలెను. ఒకే కారణము రెండింటిని పడగొట్టగలిగినచో ఈ హెచ్చవేత చెల్లదు.

డెన్మార్కు దేశపు మేర్స్క్ కంపెనీ 2017 జూన్ 27న ఈ షరతు విలువను తెలిసికొనెను. నాట్‌పెట్యా అను వినాశకరమైన ప్రోగ్రాము ఉక్రెయిన్‌లో వాడుకలోనున్న ఒక లెక్కల సాఫ్ట్‌వేరు ద్వారా ప్రవేశించి, కంప్యూటర్ల జ్ఞాపకములోనున్న పాస్‌వర్డులను దొంగిలించుచు ఒకదానినుండి ఒకదానికి ప్రాకెను. మేర్స్క్ నిర్వహించు 76 రేవు కేంద్రములలో 17 దెబ్బతినెను. కొన్ని రేవుల ద్వారములవద్ద లారీలు బారులుతీరెను. ఏ పెట్టె ఎక్కడికి పోవలెనో చెప్పు కంప్యూటర్లు మూగవోయెను.

ఆ కంపెనీ డైరెక్టరీకి లోకమంతటను సుమారు 150 సర్వర్లలో నకళ్లు ఉండెను. ఒకటి పోయిన తక్కినవానినుండి తిరిగి పొందవచ్చునని ధైర్యము. కాని అన్నియు ఒకే వలలో, ఒకే విధముగా నడచుచున్నవి. కావున ఒకే దెబ్బకు అన్నియు పోయెను. ఒక్కటి తప్ప. ఆఫ్రికాలోని ఘనా ఆఫీసులో దాడికి ముందే కరెంటు పోయి, అక్కడి సర్వరు వలనుండి విడిపోయియుండెను. కంపెనీకి మిగిలిన చెక్కుచెదరని డైరెక్టరీ అదొక్కటే. అక్కడి ఇంటర్నెట్టు వేగము చాలకపోవుటచే తీగెమీద పంపుటకు రోజులు పట్టునట్లుండెను. ఘనా ఉద్యోగులకు బ్రిటన్ వీసా లేదు. ఒక ఉద్యోగి నైజీరియా వరకు తీసికొనిపోయి విమానాశ్రయములో మరియొకరికి అందింపగా, ఆ డిస్కు ఇంగ్లండుకు చేరెను. పునర్నిర్మాణము దానినుండియే సాగెను. పది దినములలో 4,000 సర్వర్లను, 45,000 కంప్యూటర్లను మరల సిద్ధపరచినట్లు కంపెనీ అధ్యక్షుడు 2018 జనవరిలో వెల్లడించెను. నష్టము 25 నుండి 30 కోట్ల డాలర్ల వరకు ఉన్నట్లు కంపెనీ అంచనా వేసెను.

నూటయేబది నకళ్లు చేయలేని పనిని, కరెంటు పోవుటచేత విడివడిన ఒక్క నకలు చేసినది. గణితభాషలో చెప్పినచో, అదొక్కటియే స్వతంత్రమైనది.

చేయవలసిన పనులు

కావున దస్తరమును కేంద్రీకరింపదలచిన కంపెనీ మొదట ఒక్కొక్క విషయమునకు ప్రమాణమైన పట్టిక ఏదో నిర్ణయించి, తక్కినవానిని తొలగింపవలెను. రెండవది, ప్రతి ఉద్యోగికిని పనికి కావలసినంత ప్రవేశమే ఇచ్చి, అన్ని తలుపులను తెరచు అధికారమును కొద్దిమందికి పరిమితము చేయవలెను. మూడవది, మూలముతో కలిపి మూడు ప్రతులు, రెండు రకముల సాధనములపై, వానిలో ఒకటి వేరొక ఊరిలో ఉంచుట మంచి వాడుక. ఆ వేరు నకలు వలనుండి విడిగా ఉండుట ఇంకను మేలు. నాలుగవది, నకలునుండి దస్తరమును తిరిగి తీయుట అప్పుడప్పుడు చేసి చూడవలెను. తెరచి చూడని నకలు ఉన్నదో లేదో ఆపద వచ్చిననాడు గాని తెలియదు.

విద్యార్థులు దీనిని తమ పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. ఒక విద్యార్థి పుట్టిన తేదీ ఎన్ని పుస్తకములలో వ్రాయబడినదో, ఎన్ని కంప్యూటర్లలో ఎక్కినదో ఉపాధ్యాయుని సహాయముతో లెక్కింపవలెను. వానిలో ప్రమాణమైనది ఏదో గుర్తింపవలెను. ఆ తరువాత చివరి ప్రశ్న. ఆ రిజిస్టరు ఉన్న బీరువాకు చెదపట్టినను, ఆ గదిలోనికి వాననీరు వచ్చినను, అదే చెదకును అదే నీటికిని చిక్కని నకలు ఎక్కడ ఉన్నది?