పోటు దిగితేనే కదిలే నీరు

మయన్మార్‌లోని యాంగోన్‌లో మే నెలలో పట్టిన వాన అక్టోబరు దాకా వదలదు. ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్లు కురుస్తుంది. అంటే హైదరాబాద్ వానకు మూడు రెట్లు పైనే. నగరం నడుమ ఉత్తర దక్షిణాలుగా ఒక మిట్ట సాగుతుంది. ష్వెడగోన్ పగోడా దాని మీదే ఉంది. ఆ మిట్టకు పడమర, లైంగ్ నది ఒడ్డున ఉంది ఇన్సేన్ అనే పేట. ఎగువన పడిన వాన ఇన్సేన్ పల్లపు వాడలు దాటుకుంటూ నదిలో కలవాలి.

చిక్కు నది దగ్గరే వస్తుంది. సముద్రం దూరంలో లేదు కాబట్టి యాంగోన్ నదుల్లో రోజుకు రెండుసార్లు పోటు లేస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో యాంగోన్ రేవు దగ్గర ఆటుకూ పోటుకూ తేడా 6 మీటర్ల దాకా ఉంటుంది. పోటు మీద నది మట్టం మురుగు కాలువ నోటికంటే పైకి వస్తుంది. అప్పుడు కాలువ గేటు తెరిస్తే నది వీధుల్లోకి వస్తుంది, మూస్తే వాన నీరు వీధుల్లోనే నిలుస్తుంది. గట్టి వాన, నిండు పోటు ఒకే వేళకు వచ్చిన రోజు ఏ ఇంజనీరూ ఆ నీటిని వెంటనే పంపలేడు. పోటు దిగేదాకా కొన్ని గంటలపాటు నీరు నిలిచే చోటు ఊళ్లోనే ఉండాలి. చెరువులు, కుంటలు, బురద పొలాలు ఒకప్పుడు చేసిన పని అదే.

ఆ చోటే ఇప్పుడు కరువవుతోంది. ఇన్సేన్ నుంచి ఆంగ్ జెయా వంతెన దాటితే వచ్చే లైంగ్ తయా 1980ల చివరి దాకా వరి పొలాలు. ఆ తర్వాత అక్కడ ఇళ్లు, కర్మాగారాలు లేచాయి. నీరు ఆగే నేల మీదకు మనుషులు చేరారు. వాళ్లలో ఎక్కువమంది ఇంకెక్కడా స్థలం కొనలేని పేదలు. ముంపు లెక్కల్లో ఈ సంగతి ముందు వరసలో ఉండాలి.

కాలువల్లో పూడిక తీయడం, చెత్త ఎత్తడం, నీటిని తోడించడం యాంగోన్ నగరాభివృద్ధి కమిటీ బాధ్యత. పురపాలక సంఘం చేసే పనులన్నీ అక్కడ దానివే. ప్లాస్టిక్ సంచులు అడ్డుపడిన కాలువ ఎంత వెడల్పుగా తవ్వినా పారదు కనుక వానలకు ముందు పూడికతీత అత్యవసరం. అయితే కరకట్టలు, పొలాల తూములు నీటిపారుదల శాఖవి. నది గట్ల కోత మరో శాఖది. వాన, పోటు హెచ్చరికలు వాతావరణ శాఖవి. 2008 మే నెలలో నర్గీస్ తుపాను ఐరావతి డెల్టాలో లక్షా ముప్ఫై వేలకు పైగా మందిని పొట్టన పెట్టుకున్నాక, 2013లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ ఇల్లాలికి మాత్రం ఎవరిని అడగాలో తెలియాలి కదా! శాఖలు ఎన్ని ఉన్నా, జవాబు చెప్పేవాళ్లు ఒక్కచోట దొరకాలి.

ఇంగ్లండ్ 2007 వరదల తర్వాత ఈ ప్రశ్నకు ఒక దారి చూపింది. 2010 చట్టం ప్రకారం కౌంటీ స్థాయి కౌన్సిళ్లు స్థానిక ముంపు విషయంలో ముందుండి నడిపించాలి. ముంపుకు సంబంధించిన ముఖ్యమైన కట్టడాల పట్టిక ఉంచాలి. ముంపు వచ్చాక అవసరమైన మేరకు విచారించి, ఏ సంస్థ ఏం చేయాల్సి ఉందో, చేసిందో లేదో తేల్చి ఫలితాన్ని జనం ముందు పెట్టాలి. ఆ చట్టంలో అన్నిటికంటే విలువైనది ఈ చివరి నిబంధనే.

యాంగోన్‌లోనూ జవాబుదారీతనం వైపు ఒక అడుగు పడింది. 2014 డిసెంబరులో కొన్ని దశాబ్దాల తర్వాత నగర కమిటీకి ఎన్నికలు జరిగాయి, ఇంటికి ఒక్క ఓటు చొప్పున. 2019 మార్చిలో పద్దెనిమిదేళ్లు నిండిన వారందరికీ ఓటు ఇచ్చారు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకోవడంతో నగర పాలన మళ్లీ నియమితుల చేతికి వెళ్లింది. కాలువ నిండితే నిలదీయడానికి ఇన్సేన్ వాసికి ఉన్న ఆ కాస్త ఓటూ పోయింది. ఇది రాజకీయాలకే పరిమితమైన నష్టం కాదు, ముంపు రక్షణకూ నష్టమే.

యాంగోన్‌ను రంగూన్ అని పిలిచిన రోజుల్లో దాని రేవుల్లో, బియ్యం మిల్లుల్లో బరువులు మోసిన తెలుగు కూలీలు ఎందరో కోరంగి, కాకినాడ తీరం నుంచి ఓడ ఎక్కినవాళ్లు. ఆ తీరానికీ నీటి గండం కొత్త కాదు. 1839 తుపానులో కోరంగి రేవు పట్టణం తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు కాకినాడకు ఉత్తరాన ఉప్పాడను సముద్రం కోస్తోంది. ఇళ్లు, గుడులు, బీచ్ రోడ్డు ముక్కలు అలల్లో కలిశాయి. ఇసుక నింపిన పెద్ద జియో ట్యూబులతో కట్టిన గోడ కొన్నేళ్లకే దెబ్బతింది. గోదావరి మీది ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడం, తీరం వెంట ఇసుక కదలికకు రేవు కట్టడాలు అడ్డుపడడం పరిశోధకులు చూపే కారణాల్లో ముఖ్యమైనవి. వీటిలో ఒక్కటీ ఉప్పాడ పంచాయతీ అదుపులో లేదు. దాని బడ్జెట్‌తో సముద్రపు గోడ కట్టడం అయ్యే పనీ కాదు. కానీ ఏ వీధి ఎంత కోతకు గురైంది, ఏ కుటుంబాన్ని ముందు తరలించాలి, వారికి స్థలం ఎక్కడ అన్నది ఊరికి తెలిసినంతగా రాజధానికి తెలియదు. ఆ సమాచారం రాసిపెట్టే పని పంచాయతీదే కావాలి, దానికి తగిన నిధులూ ఇవ్వాలి.

మన పట్టణాల్లో వార్డు సభ్యుల్ని మనమే ఎన్నుకుంటున్నాం. వానలకు ముందు ఏ కాలువలో ఎంత పూడిక తీశారో, ముంపు తర్వాత కారణం ఏమిటో రాయించి వార్డు కార్యాలయం గోడకు అతికించమని ఈ ఏడాదే అడగండి.