డ్రాగ్ పందెపు కారు: ఒక నమూనా నిర్మాణము

“నమూనా” అను మాట ఈ సంచికలోని ఉర్దూ పుటలలో కనబడినా, తెలుగు పుటలలో కనబడినా అర్థము ఒక్కటే. పారశీకము నుండి వచ్చి రెండు భాషలలోను ఇంటి మాటగా స్థిరపడినది. ఈ సంవత్సరము కళాశాల విజ్ఞాన ప్రదర్శనకై భట్టిప్రోలు ప్రాంతము నుండి వచ్చు విద్యార్థులము కొందరము కలిసి ఒక పాతకాలపు డ్రాగ్ పందెపు కారుకు నమూనా తయారుచేశాము. దానిని చూచిన పెద్దలొకరు, “నాయనా, ఇది అమెరికా వాళ్ల ఆట. మన ఊళ్లలో తిరిగేది ట్రాక్టరు. మీరు దానిని చేసి ఉండవలసినది కదా?” అన్నారు. ఆనాడు మాకు తగిన సమాధానము తోచలేదు. ఈ వ్యాసమే ఆ సమాధానము.

ఎడ్ల బండలాగుడు పందెములు మనవారందరు ఎరిగినవే. అక్కడ కాలము నిర్ణీతము. ఆ కాలములో జత ఎంత దూరము బండను లాగినదో కొలుస్తారు. డ్రాగ్ పందెములో దూరము నిర్ణీతము. పట్టిన కాలమును కొలుస్తారు. దూరము పావు మైలు, అనగా 1320 అడుగులు. రెండు కార్లు నిలిచిన చోటి నుండి ఒక్కసారిగా బయలుదేరి తిన్నగా పరుగెత్తవలెను. మలుపు అన్న మాటే లేదు. 1951లో వాలీ పార్క్స్ స్థాపించిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ ఈ పోటీలకు నియమములు ఏర్పరచినది. మనకు దగ్గరగా మద్రాసుకు ఉత్తరమున ఉన్న శోలవరములో, రెండవ ప్రపంచ యుద్ధ కాలపు విమానపు బాట మీద, దశాబ్దాల పాటు మోటారు పందెములు జరిగినవి. మేము ఎన్నుకున్న బండి మాత్రము అచ్చముగా అమెరికాలో పుట్టి పెరిగినది.

1960లలో అగ్రశ్రేణిలో వెలిగిన ఆ బండిని అక్కడివారు “స్లింగ్‌షాట్” అన్నారు. అనగా పిట్టలను కొట్టు పంగలకర్ర. పంగలకర్రను సాగదీసినపుడు రాయి వెనుక తోలులో ఎట్లుండునో, నడుపువాడు వెనుక ఇరుసుకు కూడ వెనుకగా అట్లు కూర్చుండును. వాని ముందు ఎనిమిది సిలిండర్ల క్రైస్లర్ ఇంజను. దాని ముందు సన్నని పొడవాటి గొట్టపు చట్రము. చిట్టచివర సైకిలు చక్రముల వంటి రెండు చిన్న చక్రములు. ఇంధనము పెట్రోలు కాదు, నైట్రోమీథేన్. ఒక కిలో పెట్రోలు మండుటకు దాదాపు 15 కిలోల గాలి కావలెను. నైట్రోమీథేన్ తనలోనే ప్రాణవాయువును దాచుకొన్నందున దానికి 2 కిలోల లోపే చాలును. అందువలన అదే ఇంజనులో అనేక రెట్లు ఇంధనమును మండించవచ్చును. 1970 నాటికి ఇట్టి బండ్లు పావు మైలును 7 సెకన్ల లోపే ముగించినవి.

ఇంత విచిత్రమైన ఆకారము ఎందుకు? దీనికి జవాబు మన పొలములలోనే ఉన్నది. దమ్ము చేయునపుడు ట్రాక్టరు వెనుక చక్రములు బురదలో కూరుకొని పోయినవనుకొనుడు. చక్రములు తిరుగలేవు, ఇంజను మాత్రము తిప్పుచునే ఉండును. అప్పుడు ఆ బలము బండినే ఇరుసు చుట్టు తిప్పజూచును. ముందు చక్రములు గాలిలోనికి లేచును. నడుపువాడు క్లచ్ తొక్కుటలో కన్నుమూసి తెరచునంత ఆలస్యము చేసినా ట్రాక్టరు వెల్లకిల పడును. మాలో ఒకరి మేనమామ ఇట్లే మోకాలి క్రింద కాలు పోగొట్టుకొన్నారు. డ్రాగ్ కారు వేగము పుంజుకొనునపుడు జరుగునది కూడ ఇదే: ముందు చక్రముల మీది బరువు వెనుకకు మారును. బండి బరువు ఎంత ఎత్తున ఉన్న అంత ఎక్కువగా, చక్రముల నడుమ దూరము ఎంత పెరిగిన అంత తక్కువగా మారును. కావుననే ఆ బండి పాము వలె నేలబారుగా, పొడవుగా ఉండును. వెనుక చక్రములకు పట్టు కావలెను కనుక బరువును వెనుకకు చేర్చవలెను. మనిషి కూడ ఆ బరువులో భాగమే. మనిషిని వెనుకకు నెట్టినది ఈ లెక్కయే.

ఇక మా నిర్మాణము. మా వద్ద నక్షా లేదు, ఛాయాచిత్రములు మాత్రమే ఉన్నవి. ఆనాటి బండ్ల ముందు వెనుక ఇరుసుల నడుమ దూరము 200 అంగుళములకు పైబడి ఉండెడిది. లెక్క సులభమగుటకు మేము సరిగా 200 తీసుకొన్నాము. సరిగ్గా ప్రక్క నుండి తీసిన చిత్రములో ఆ దూరము 160 మిల్లీమీటర్లు, వెనుక చక్రము 25 మిల్లీమీటర్లు ఉన్నచో, త్రైరాశికము వలన చక్రము 31 అంగుళములని తేలును. ఏటవాలుగా తీసిన చిత్రములు ఇందుకు పనికిరావు. ఇది తెలియక మా మొదటి ముందు చక్రములు కోడిగుడ్డు ఆకారములో వచ్చినవి.

పదింట ఒక వంతు కొలత పెట్టుకొన్నాము. బండి 20 అంగుళములైనది. పందెపు బాట కూడ పదో వంతైన 132 అడుగులు కావలెను. ఈ అంకె వినగానే మాకు ఆశ్చర్యము కలిగినది. 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వించిన మా భట్టిప్రోలు స్తూపము అండము వ్యాసము కూడ 132 అడుగులే. విక్రమార్క కోట దిబ్బ ఒక అంచు నుండి ఎదుటి అంచునకు ఎంతయో, మా బండికి పావు మైలు అంత! ఇది కేవలము కాకతాళీయమే అయినను, మా కళాశాల మైదానములో సున్నపు గీత గీయునపుడు ఆ దూరము మాకు కొత్తగా తోచలేదు.

సామగ్రికి తెనాలిని ఆశ్రయించాము. పాత నట్లు, బోల్టులతో విగ్రహములు చేయు శిల్పులున్న ఊరు అది. 2021లో సూర్య శిల్పశాలవారు ప్రధాని మోదీ విగ్రహమును 14 అడుగుల ఎత్తున ఇనుప తుక్కుతోనే నిలిపారు. వారి ముందు మాది పిల్లలాటయే. చట్రమునకు 4 మిల్లీమీటర్ల ఇనుప తీగ, అడ్డుకట్లకు సైకిలు ఊచలు, పొగగొట్టములకు అయిపోయిన పెన్నుల ఇత్తడి రీఫిల్లులు వాడాము. వెనుక టైర్లను అరిగిన హవాయి చెప్పుల అట్టలను గుండ్రముగా కోసి, రెండేసి పొరలుగా అతికించి చేశాము. ఇంజనును కొండపల్లి బొమ్మలకు వాడు పొణికి కర్రతో చెక్కాము.

మాటు వేయుట మాత్రము మాకు లొంగలేదు. తగరము ఊచకు అంటుకొనక ముత్యము వలె జారిపోయెడిది. చివరకు వీధిలో గిన్నెలకు కళాయి వేయు ఒక చాచాను వేడుకొన్నాము. ఆయన మా పనిని చూచి నవ్వి, “మీరు తగరమును కాల్చుచున్నారు బేటా, ఇనుమును కాల్చండి” అన్నారు. ఊచను గీకి శుభ్రము చేసి, నవాసారము పట్టించి, ముందుగా ఇనుమును వేడిచేసిన పిదప తగరము నీటి వలె పాకినది. మేము పుస్తకములలో వెదకిన దానిని ఆయన ఒక్క మాటలో చెప్పారు. అసలు బండి బరువు సుమారు 600 కిలోలు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును పదో వంతైనచో బరువు వెయ్యో వంతగును కనుక మాది 600 గ్రాములుండవలెను. 900 తూగినది. ఆ మూడు వందలు అధికభాగము చాచా రాకముందు మేము వేసిన తగరపు ముద్దలే!

అన్నియు అమర్చి, మట్టితో మనిషిని చేసి కూర్చుండబెట్టిన దినమున అసలు విషయము బయటపడినది. వాని కాళ్లు ఎటు చాచినను ఇరుసుకు ఇరుప్రక్కలా పోవుచున్నవి. క్లచ్, గేరుపెట్టె సరిగ్గా వాని పాదముల నడుమ ఉన్నవి. ఛాయాచిత్రములలో ఇది మాకు కనబడలేదు. అటుపిమ్మట చదివి తెలుసుకొన్నాము: 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో, ఆ క్రీడలో అగ్రగణ్యుడైన డాన్ గార్లిట్స్ నడుపుచున్న “స్వాంప్ రాట్ 13” గేరుపెట్టె ప్రేలి, బండి రెండు ముక్కలై, ఆయన కుడి పాదములో కొంత భాగము తెగిపోయినది.

గార్లిట్స్ ఆట మానలేదు, బండిని మార్చెను. ఇంజనును వెనుకకు, మనిషిని ముందుకు తెచ్చెను. ఈ ఆలోచన ఆయనకు ముందు కొందరికి వచ్చినదే. కాని అట్టి బండ్లు తిన్నగా పోవని అందరు విడిచిపెట్టారు. కారణము చిత్రమైనది. వెనుక కూర్చున్నవానికి బండి తోక ప్రక్కకు జారుట వెంటనే శరీరమునకు తెలియును. ముందు కూర్చున్నవానికి ఆలస్యముగా తెలియును. తెలిసి స్టీరింగు త్రిప్పగానే బండి అవసరమునకు మించి తిరుగును. గార్లిట్స్ బృందము స్టీరింగును మందగింపజేసినది, అనగా చేతిలో ఎక్కువ త్రిప్పిన చక్రము తక్కువ తిరుగునట్లు చేసినది. అంతే. 1971లో పొమోనాలో జరిగిన వింటర్‌నేషనల్స్ పందెములో ఆ బండి గెలిచినది. కొద్ది సంవత్సరములలో అగ్రశ్రేణి నుండి స్లింగ్‌షాట్లు మాయమైనవి.

ట్రాక్టరు చేయలేదేమని అడిగిన పెద్దలకు మేము చెప్పదలచినది ఇదియే: బండిని చేయుచు చేయుచు మేము ట్రాక్టరు వద్దకే వచ్చాము. బోల్తా పడినను నడుపువానికి చోటు మిగుల్చు ఇనుప కమానును స్వీడన్ దేశము కొత్త ట్రాక్టర్లకు 1959లోనే తప్పనిసరి చేసినది. మా మిత్రుని మేనమామ నడిపిన ట్రాక్టరుకు ఆ కమాను లేదు.

ప్రదర్శన రెండవ నాడు ఆయన కర్ర ఊతముతో వచ్చారు. చక్రములను గాని, ఇంజనును గాని చూడలేదు. వంగి మట్టి బొమ్మ కాళ్లను చాలసేపు చూచి, “వీడిని ముందుకు జరపండిరా” అన్నారు. ఆ మరునాటి నుండి రెండవ చట్రము మొదలుపెట్టాము. దానిలో మనిషి ముందు, ఇంజను వెనుక. కమాను కూడ అతికించాము. చక్రములు ఇంకా కావలెను. అరిగిన హవాయి చెప్పులున్నవారు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఇచ్చిన స్వీకరించెదము.