పెద్దల పెట్టెలో ఏమున్నది?



మన మారిషస్‌లో చాలా ఇళ్ళలో అవ్వ తాతల నాటి పెట్టె ఒకటి ఉంటుంది. కరెంటు బిల్లులు, శుభలేఖలు, ఫోటోలు, ఉత్తరాలు అన్నీ అందులోనే. 1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ తుఫానుకు మా పెట్టె తడిసిపోయింది. మా తాతగారికి వచ్చిన తెలుగు ఉత్తరం ఒక్కటే మిగిలింది. నేను పెద్దయ్యాక సంఘం తరగతులలో తెలుగు నేర్చుకొని దానిని విప్పి చూస్తే, సిరా వెలిసిపోయి 'క్షేమం' అన్న మాట తప్ప మరేమీ కనపడలేదు. అందుకే ఆలస్యం చేయవద్దని నా మనవి.

ముందుగా కాగితాలను మూడు భాగాలుగా వేరు చేయండి. చెల్లించివేసిన పాత బిల్లులు మొదటి భాగం. అవసరం తీరినవాటిని పారవేయవచ్చు.

ఉత్తరాలు, ఫోటోలు రెండవ భాగం. వీటిని స్కాన్ చేయండి. ఉత్తరాలకు 300, చిన్న ఫోటోలకు 600 డి.పి.ఐ. చాలు. ఫోటో వెనుక వ్రాత ఉంటే దానినీ స్కాన్ చేయండి. ఫోటోలో ఎవరున్నారో ఇంటి పెద్దలను అడిగి, పేరు, సంవత్సరం ఫైలు పేరులోనే వ్రాయండి. పేరు తెలియని ఫోటో రేపు మన మనుమలకు పరాయివారి ఫోటోయే. నకళ్ళు రెండు చోట్ల ఉంచండి. ఒకటి బంధువుల ఇంట్లో.

జనన పత్రాలు, భూమి దస్తావేజులు, చెరకు తోటలకు వచ్చిన పెద్దల వలస పత్రాలు మూడవ భాగం. స్కాన్ చేసినా వీటి అసలును పారవేయరాదు. వలస పత్రం మీది నంబరు ఉంటే, మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరచిన రిజిస్టర్లలో ఆ పెద్దల వివరాలు వెదకవచ్చు. మన పూర్వుల ఊరికి దారి చూపగలిగేది ఆ చిన్న నంబరే.

ఈ ఆదివారమే పెట్టె తెరవండి.